మావారు వద్దంటున్నారు, నామినేషన్ గడువు దగ్గరపడింది

ప్రశ్న: నా వయసు 41. మా చిన్న పట్టణ కౌన్సిల్‌కు మా వార్డు నుంచి పోటీ చేయాలని రెండేళ్లుగా అనుకుంటున్నాను. మురుగుకాల్వలు, తాగునీటి విషయమై తిరిగీ తిరిగీ వార్డులో అందరికీ తెలిసినదాన్నయ్యాను. మావారు మాత్రం ‘ఇంటి పరువు బజారుకెక్కుతుంది’ అంటున్నారు. ఆయన కౌన్సిల్‌కు పైపులు సరఫరా చేస్తారు. మా అమ్మాయికి ఈ ఏడాదే పరీక్షలు. నామినేషన్లకు ఇంకా 20 రోజులే ఉంది. ఆయన మాట కాదని వేసేయనా?

జవాబు: మీరు ఒక్క ముక్కలో చెప్పి వదిలేసిన పైపుల సరఫరా దగ్గరే అసలు చిక్కుంది. కౌన్సిల్‌తో కాంట్రాక్టులో వాటా ఉన్నవారు పోటీకే అనర్హులని కొన్నిచోట్ల నిబంధన ఉంటుంది. భార్యాభర్తల వాటాను కూడా లెక్కలోకి తీసుకునే చోట్లున్నాయి. ఇంకొన్నిచోట్ల గెలిచిన సభ్యులు ఆ కాంట్రాక్టు విషయం చర్చకొచ్చినప్పుడు తమ సంబంధం ముందే చెప్పి, ఓటు వేయకుండా తప్పుకుంటే సరిపోతుంది. మీకు ఏది వర్తిస్తుందో ఎన్నికల అధికారి కార్యాలయంలో రాతపూర్వకంగా అడగండి. కాంట్రాక్టు ఎవరి పేరున ఉంది, ఎప్పుడు ముగుస్తుంది, రావలసిన బిల్లులున్నాయా అన్న మూడు వివరాలూ రాసుకుని వెళ్లండి. రేపే వెళ్లండి. ఇది తేలకుండా గెలిస్తే, ఓడినవాళ్లు కోర్టుకెక్కడానికి మీరే దారి చూపినట్టవుతుంది.

ఆయన భయం కూడా ఇక్కడే ఉండొచ్చు. చాలాచోట్ల నామినేషన్‌తో పాటు భార్యాభర్తలిద్దరి ఆస్తులూ అప్పులూ ప్రకటించాలి. ఆ కాగితం ఎవరైనా చూడొచ్చు. మీకు చెప్పని అప్పేదైనా ఉంటే ‘పరువు’ అన్న మాటకు అర్థం మారిపోతుంది. అందుకే ‘ఎందుకు వద్దు?’ అని నిలదీయకండి. అమ్మాయి ఇంట్లో లేనప్పుడు, ఫోన్లు పక్కన పెట్టి, ‘నేను నిలబడితే మనకేం పోతుందని మీ భయం?’ అని అడగండి. చెప్పినంతసేపూ ఎదురు చెప్పకుండా రాసుకోండి. డబ్బు భయం బయటికి చెప్పుకోవడం ఎవరికైనా కష్టమే.

తర్వాత మీ లెక్క ఆయన ముందు పెట్టండి. ఉదాహరణకు వార్డులో 1,200 ఓట్లు, 450 ఇళ్లు ఉన్నాయనుకుందాం. నడకతో కలిపి ఇంటికి ఐదు నిమిషాలు పట్టినా రెండు గంటల్లో 24 ఇళ్లే తిరగగలరు. అంటే ఒక చుట్టుకు 19 సాయంత్రాలు. తాళం వేసిన ఇళ్లకు మళ్లీ వెళ్లాలి కాబట్టి 25 అనుకోండి. ఆ 25 సాయంత్రాలు అమ్మాయి దగ్గర ఎవరుంటారో తేదీలతో సహా రాయండి. పరీక్షలకు ముందు రెండు వారాలు ప్రచారంలో పడుతుంటే, ఆ రోజుల్లో వేరేవాళ్లను ఇంటింటికీ పంపి మీరు ఇంట్లో ఉండండి. వార్డులో ఆ రెండు వారాల నష్టం తర్వాత పూడ్చుకోవచ్చు, ఇంట్లో పూడ్చుకోలేరు.

ఖర్చుకు చట్టం పెట్టిన పరిమితి ఒకటి ఉంటే, ఇంటి పరిమితి అంతకన్నా తక్కువ ఉండాలి. అది అప్పు తేకుండా, బంగారం కదపకుండా, పోయినా తట్టుకోగల మొత్తం. దాన్ని విడి బ్యాంకు ఖాతాలో వేసి, ప్రతి రసీదూ ఆ రోజే పుస్తకంలో ఎక్కించండి. చాలా ఇళ్లలో గొడవ మొదలయ్యేది చివరి మూడు రోజుల్లో, ‘ఇంకొంచెం పెడితే గెలిచేస్తాం’ అన్నప్పుడే.

నామినేషన్ పత్రాలు చివరి రోజు దాకా ఆపకండి. ప్రతిపాదించేవారి పేరు, వరుస సంఖ్య ఓటరు జాబితాలో ఉన్నట్టే అక్షరం పొల్లుపోకుండా ఉండాలి. ఒక్కరు అదే వార్డు ఓటరు కాకపోయినా పరిశీలనలో కొట్టేయవచ్చు. అనుమతి ఉంటే అవసరమైనదానికన్నా ఇద్దరి సంతకాలు ఎక్కువ తీసుకోండి. మీవారిని ఖర్చుల లెక్క చూసే బాధ్యతలో కూర్చోబెట్టకండి. ఇష్టంలేని మనిషి చేతిలో ఆ పుస్తకం ఉంటే ప్రతి రాత్రీ తగాదాయే.

ఇక మీ ప్రశ్నకు మా మాట. ఆయనకు తెలియకుండా మాత్రం వేయకండి. నిబంధన అడ్డొస్తే, ఆ కాంట్రాక్టే ఇంటికి ఆధారమైతే, ఈసారి ఆగండి. కాంట్రాక్టు ముగిశాక వచ్చే ఎన్నికకు ఇప్పటినుంచే సిద్ధం కావచ్చు. నిబంధన అడ్డులేక, మిగిలింది నలుగురూ ఏమంటారో అన్న బెంగే అయితే, ఆయనకు చెప్పి వేయండి. ఉపసంహరణ గడువు తేదీని ఇద్దరూ గుర్తుపెట్టుకుని, ఆ ముందురోజు రాత్రి మళ్లీ కూర్చుని మాట్లాడుకోండి.