2023లో ఎంపిక నాటికి ఒక్క మ్యాచ్ కూడా ఓడని ఫ్లోరిడా స్టేట్ యూనివర్సిటీ జట్టుని ప్లేఆఫ్‌కి ఎందుకు తీసుకోలేదు?

కాలేజీ అమెరికన్ ఫుట్‌బాల్‌లో ఛాంపియన్‌ని తేల్చే ప్లేఆఫ్‌కి జట్లను ఎంచేది 13 మంది సభ్యుల కమిటీ. ఆ ఏడాది ఉన్నవి నాలుగు చోట్లే, కమిటీ ఫ్లోరిడా స్టేట్‌కి ఐదో ర్యాంకు ఇచ్చింది.

ఈ స్థాయిలో 130కి పైగా జట్లున్నాయి. ఒక్కో జట్టు రెగ్యులర్ సీజన్‌లో ఆడేది 12 మ్యాచ్‌లు, అవీ ఎక్కువగా సొంత కాన్ఫరెన్స్‌లోనే, అంటే తమ గ్రూపులోని జట్లతోనే. అందుకే ఐపీఎల్‌లో లాగా పాయింట్ల పట్టిక చూసి తేల్చడం కుదరదు. ప్రత్యర్థులు ఎంత గట్టివాళ్లు, కీలక ఆటగాళ్లు అందుబాటులో ఉన్నారా అన్నది కూడా కమిటీ చూస్తుంది.

ఫ్లోరిడా స్టేట్‌ని దెబ్బతీసింది ఈ రెండోదే. నవంబర్ 18న జట్టు దాడిని నడిపించే క్వార్టర్‌బ్యాక్ జోర్డన్ ట్రావిస్ కాలికి పెద్ద గాయమైంది. అతను లేకుండానే జట్టు యూనివర్సిటీ ఆఫ్ ఫ్లోరిడాని ఓడించింది, కాన్ఫరెన్స్ ఫైనల్లో లూయీవిల్‌పై 16-6తో గెలిచి 13-0 అయింది. కానీ అదే రోజు అలబామా, అప్పటి నంబర్ వన్ జార్జియాని ఓడించింది. ఆ అలబామాని సెప్టెంబర్‌లో టెక్సస్ ఓడించి ఉంది. చెరొక ఓటమి ఉన్నా ఆ రెండింటికీ చోటు దక్కింది. మిగతా రెండూ మిషిగన్, వాషింగ్టన్‌లకు.

తర్వాత ప్లేఆఫ్‌లో భాగం కాని ఆరెంజ్ బౌల్ మ్యాచ్‌లో జార్జియా చేతిలో 63-3తో ఓడారు కదా, కమిటీ చెప్పిందే నిజమైంది అని చాలామంది అంటుంటారు. అది సరికాదు. ప్లేఆఫ్ చేజారాక డ్రాఫ్ట్ (ప్రొఫెషనల్ జట్లు కాలేజీ ఆటగాళ్లను ఎంచుకునే కార్యక్రమం) కోసమో, వేరే కాలేజీకి మారడం కోసమో చాలామంది ముఖ్యమైన ఆటగాళ్లు ఆ మ్యాచ్ ఆడలేదు. సీజన్ గెలిచిన జట్టు, ఆ రోజు మైదానంలోకి దిగిన జట్టు ఒకటి కాదు.