ఇంట్లో లాయర్లు ఎవరూ లేనివాళ్లకి లా స్కూల్లో సీనియర్లతో పరిచయాలు ఎలా ఏర్పడతాయి?

మీరు లా మొదటి సంవత్సరంలో ఉన్నారు. ఇంట్లో ఈ వృత్తిలో ఎవరూ లేరు. అలుమ్నీ, అంటే పూర్వ విద్యార్థులతో, పరిచయాలు లేకపోతే ఎదగలేరని అందరూ చెబుతున్నారు. కానీ ముక్కూమొహం తెలియని సీనియర్‌కి మెసేజ్ పెట్టాలంటే చేయి చాచినట్టు అనిపిస్తోందని రాశారు. మా ఇంట్లోనూ మొదటి లాయర్ని నేనే. ఆ మొహమాటం ఎంత బరువో నాకు తెలుసు.

రెండో సెమిస్టర్‌లో ఒక రాత్రి పూర్వ విద్యార్థుల జాబితా ముందేసుకుని 30 మందికి ఒకే మెసేజ్ పంపాను. "నమస్కారం, నేను ఫలానా బ్యాచ్. మీ గైడెన్స్ కావాలి." ఇద్దరే జవాబిచ్చారు. ఒకరు శుభాకాంక్షలు చెప్పారు. ఇంకొకరు "దేని గురించి?" అని అడిగారు. రెండు రోజులు ఆలోచించినా ఏం రాయాలో తోచలేదు. అడగడానికి నా దగ్గర అసలు ప్రశ్నే లేదు. ఇప్పుడు నాకూ అలాంటి మెసేజ్‌లు వస్తుంటాయి. పిల్లల మీద ప్రేమ లేక కాదు, "గైడెన్స్" అన్న ఒక్క మాటకి ఏమని జవాబివ్వాలో నిజంగా తెలియదు.

గాంధీజీ ఆత్మకథలో లండన్ చదువు గురించిన భాగం ఒకసారి చదవండి. అప్పట్లో బారిస్టర్ కావాలంటే పరీక్షలు పాసైతే చాలదు, 12 టర్ములు పూర్తి చేయాలి, టర్ముకి కనీసం 6 విందులకు హాజరు కావాలి. పూర్వం విద్యార్థులు కొద్దిమందే ఉండటంతో, బెంచర్లు అనే పెద్దలతో మాట్లాడే అవకాశం దొరికేదట. ఆ మాటల్లోనే లోకజ్ఞానమూ మాట్లాడే నేర్పూ అబ్బేవి. గాంధీజీ చేరేనాటికి బెంచర్లకి వేరే బల్ల. అందుకే ఆ విందులు లాయర్‌గా తయారవడానికి ఎలా పనికొస్తాయో తనకు అర్థం కాలేదని రాశారు. మా కాలేజీ అలుమ్నీ మీట్‌లలో నేను చూసింది కూడా ఇదే. పెద్దవాళ్లు ముందు వరుసలో, మేము వెనక వరుసల్లో. చివర్లో ఒక గ్రూప్ ఫొటో.

అదే పుస్తకంలో మీకు ఇంకా దగ్గరగా ఉండే విషయం ఒకటుంది. దాదాభాయ్ నౌరోజీకి ఇవ్వమని గాంధీజీ చేతిలో ఒక పరిచయ లేఖ ఉంది. అంత పెద్దాయనని ఇబ్బంది పెట్టకూడదని చాలాకాలం ఇవ్వలేదు. ఆయన ఉపన్యాసాలకు వెళ్లి, హాల్లో ఒక మూల కూర్చుని, విని వచ్చేసేవారు. చివరికి ధైర్యం చేసి ఇస్తే, ఎప్పుడు కావాలన్నా సలహాకి రమ్మన్నారు నౌరోజీ. అయినా గాంధీజీ వెళ్లలేదు. తర్వాత ఫ్రెడరిక్ పిన్‌కట్ అనే ఆయన దగ్గరకి మాత్రం వెళ్లారు, అదీ ఒక నిర్దిష్టమైన భయంతో: నేను లాయర్‌గా పనికొస్తానా? ఆయన నవ్వి ధైర్యం చెప్పారు. మామూలు లాయర్‌కి నిజాయితీ, కష్టపడే గుణం చాలన్నారు. సాధారణ పఠనం తక్కువగా ఉందని చెప్పి, చదవాల్సిన పుస్తకాలు సూచించారు. మీ మొహమాటం చిన్నతనం కాదని చెప్పడానికే ఇదంతా రాశాను. ఒక కచ్చితమైన ప్రశ్న ఉన్నప్పుడు ఆ మొహమాటమే కాస్త పక్కకి జరుగుతుంది.

ఆ ప్రశ్నలు ఎక్కడ పుడతాయంటే, పనిలో. నా విషయంలో మూట్ కోర్టులో (విద్యార్థులు ఊహాజనిత కేసు మీద వాదించే పోటీ), లీగల్ ఎయిడ్ క్లినిక్‌లో (లాయర్ని పెట్టుకోలేనివాళ్లకి కాలేజీలో ఉచితంగా న్యాయసహాయం చేసే చోటు) పుట్టాయి.

మూట్ ప్రాక్టీస్ రౌండ్‌కి మా టీమ్ ఒక పూర్వ విద్యార్థినిని జడ్జిగా పిలిచింది. మేమంతా అక్కా అనే పిలిచేవాళ్లం. ఆమె మా మెమోరియల్ (పోటీకి రాసిచ్చే లిఖిత వాదన) ప్రింట్ తీసుకుని, పెన్సిల్‌తో గీతలు పెట్టుకుని వచ్చారు. నేను వాదన మొదలుపెట్టిన రెండో నిమిషంలోనే ఆపి, ఐదో పేజీ తీయమన్నారు. "ఈ ఒక్క పేరాలో 'స్పష్టంగా' అన్న మాట నాలుగుసార్లు ఉంది. విషయం నిజంగా స్పష్టంగా ఉంటే ఆ మాటతో పనేంటి?" అన్నారు. తర్వాత, "మీ మొదటి వాదన కోర్టు ఒప్పుకోలేదనుకో, రెండోది దాని కాళ్ల మీద అది నిలబడుతుందా?" అని అడిగారు. నిలబడదు. ఆ రాత్రి నలుగురం కూర్చుని సగం మెమోరియల్ తిరగరాశాం. పోటీ అయ్యాక, ఏ ప్రశ్న ఎదురైందో, ఆమె చెప్పిన మార్పు ఎక్కడ పనికొచ్చిందో నాలుగు లైన్లలో ఆమెకి రాశాను. మేము గెలవలేదు, అదీ రాశాను. రెండేళ్ల తర్వాత ఇంటర్న్‌షిప్ కోసం ఆమెకి ఫోన్ చేసినప్పుడు నన్ను నేను పరిచయం చేసుకోవాల్సిన పనే రాలేదు.

పెద్ద మూట్‌లన్నీ ఇలాంటి మనుషుల మీదే నడుస్తాయి. అంతర్జాతీయ న్యాయం మీద జరిగే జెస్సప్ మూట్ 1960లో మొదలైంది. వియన్నాలో జరిగే విస్ మూట్ 1994 నుంచి సాగుతోంది. రెండింట్లోనూ జడ్జిలుగా కూర్చునేవాళ్లలో చాలామంది ఒకప్పుడు ఎదురుగా నిలబడి వాదించినవాళ్లే. డబ్బు కోసం రారు, ఒకప్పుడు తమకు ఎవరో అలా టైమ్ ఇచ్చారు కాబట్టి వస్తారు.

క్లినిక్‌లో దొరికింది వేరే రకం బంధం. ఒక పెద్దాయన సంచీ నిండా మడతలుపడ్డ అద్దె రసీదులు తెచ్చారు. నేనూ ఒక క్లాస్‌మేటూ సాయంత్రం దాకా వాటిని తేదీల వారీగా బల్ల మీద పేర్చాం. ఒక నెల రసీదు లేదు. అది ఇంకో కాగితానికి అంటుకుపోయి ఉందని ఆ క్లాస్‌మేటే కనిపెట్టింది. అప్పటిదాకా ఆమెతో నేను పెద్దగా మాట్లాడింది లేదు. ఇద్దరం మార్కుల టెన్షన్‌లో నోట్స్ దాచుకునేవాళ్లమే. ఆ రోజు తర్వాత దాచుకోలేదు.

అలుమ్నీ అనగానే మీరు పైకి చూస్తున్నారు. పక్క బెంచీ వైపు కూడా చూడండి. పదేళ్లకి అవతలి పక్షం లాయర్లు, జడ్జిలు, ప్రొఫెసర్లు అయ్యేది మీ బ్యాచే. మొన్నామధ్య ఒక కేసులో నాకు ఎదురుగా ఆ క్లాస్‌మేటే నిలబడింది. మా స్నేహం గురించి నా క్లయింటుకి ముందే చెప్పాను. కేసు నడిచినన్నాళ్లూ బయట దాని ఊసే ఎత్తుకోలేదు. ఈ జాగ్రత్త ఇప్పటినుంచే అలవాటు చేసుకోండి. సీనియర్‌ని సలహా అడిగేటప్పుడు కూడా క్లయింటు పేరు, ఆనవాళ్లు బయటపెట్టకూడదు. చట్టపరమైన ప్రశ్న మాత్రమే అడగాలి.

ఒక చేదు విషయం కూడా చెప్పాలి. మెంటర్‌షిప్ పేరుతో ఒక సీనియర్ నా చేత కొన్ని నెలలు రీసెర్చ్ నోట్లు రాయించుకున్నారు. ఎక్కడా నా పేరు లేదు, తప్పొప్పులు చెప్పింది కూడా లేదు. కాదంటే చెడ్డపేరు వస్తుందని భయపడ్డాను. ఆ భయంతోనే పరీక్షలు పాడుచేసుకున్నాను. మీ రాతకి తిరిగి ఒక్క దిద్దుబాటు కూడా రావట్లేదంటే మర్యాదగా తప్పుకోండి.

ఇక మెసేజ్ ఎలా రాయాలంటే: మీరెవరో ఒక వాక్యం, ఏం చదివారో ఒక వాక్యం, ఎక్కడ ఆగిపోయారో ఒక ప్రశ్న. పది నిమిషాల్లో జవాబు చెప్పగలిగేలా ఉండాలి. ఉద్యోగం ఊసు వద్దు. జవాబొస్తే, దాంతో ఏం చేశారో తర్వాత తప్పకుండా చెప్పండి. చాలామంది ఇక్కడే మాయమైపోతారు. "దేని గురించి?" అని అడిగిన ఆ సీనియర్‌కి నేను మూడేళ్ల తర్వాత, ఆలస్యానికి క్షమించమంటూ, ఒక అసలైన ప్రశ్న పంపాను. ఆ సాయంత్రమే రెండు పేరాల జవాబు వచ్చింది.

మీ కాలేజీలో క్లినిక్ ఉందా? ఉంటే మొదటి సంవత్సరం వాళ్లకి ఏ పని ఇస్తున్నారో కింద రాయండి. అక్కడ ఎలా మొదలుపెట్టాలో చెబుతాను.