మిక్ గుడ్రిక్: జాజ్ గిటారిస్టు, గురువు

ఒంగోలులో గిటారు నేర్చుకుంటున్నానని, జాజ్ గురువుగా మిక్ గుడ్రిక్‌కు అంత పేరు ఎందుకు వచ్చిందో వివరించమని మీరు అడిగారు.

అమెరికాలోని పెన్సిల్వేనియాలో 1945లో పుట్టిన గుడ్రిక్, బోస్టన్‌లోని బర్క్‌లీ సంగీత కళాశాలలో చదివి, అక్కడే అధ్యాపకుడయ్యారు. 1970లలో వైబ్రఫోన్ (లోహపు పట్టీలను పుల్లలతో కొట్టి మోగించే వాద్యం) విద్వాంసుడు గ్యారీ బర్టన్ బృందంలో వాయించారు. తర్వాత ప్రసిద్ధ జాజ్ గిటారిస్టు అయిన, అప్పటికింకా యువకుడిగా ఉన్న ప్యాట్ మెథీనీ అదే బృందంలో ఆయన పక్కన గిటారు పట్టారు. సొంత పేరుతో వెలువరించిన ఆల్బములు కొద్దే.

ఆయన అసలైన కృషి బోధనలోనే ఉందని నా దృఢమైన అభిప్రాయం. 1987లో వెలువడిన ఆయన గ్రంథం ‘ది అడ్వాన్సింగ్ గిటారిస్ట్’ సిద్ధంగా వండిన పాఠాలను అందించదు. ఒకే తీగపై ఫ్రెట్ల (గిటారు మెట్ల) వెంట పైకీ కిందికీ కదులుతూ స్వరాలను మనమే వెదుక్కోవాలంటుంది. అలా వాయించినప్పుడు వేళ్లకు అలవాటైన స్థానాలు తప్పిపోయి, స్వరానికీ స్వరానికీ మధ్యనున్న దూరం కంటికీ చెవికీ ఒకేసారి తెలుస్తుంది. రాగం ప్రధానంగా సారణి అనే మొదటి తీగ పొడవునే నడిచే వీణను మన ప్రాంతంలో దగ్గరగా చూసినవారికి ఈ పద్ధతి తేలికగా బోధపడుతుంది.

జాన్ స్కోఫీల్డ్, మైక్ స్టెర్న్ వంటి ప్రసిద్ధ గిటారిస్టులు ఆయన వద్ద నేర్చుకున్నవారే. గుడ్రిక్ 2022లో కన్నుమూశారు. మీరు ఆయన పద్ధతిలో సాధన మొదలుపెట్టదలిస్తే, ముందుగా ఒక్క తీగనే ఎంచుకోండి.