మందారకు పిండినల్లి తిరగబెడుతుంటే ముందు చీమల దారి మూయండి

మేడ మీద కుండీల్లో ఉన్న మందారలకు, పక్కనున్న జామకు తెల్లటి దూదిలాంటి పురుగు పట్టిందనీ, వేపనూనె కొడితే కొన్నాళ్ళు తగ్గి మళ్ళీ వస్తోందనీ, ఇంకా ఘాటైన మందు చెప్పమనీ అడిగారు. ఘాటు మందు అక్కర్లేదండీ. చేతిలో ఉన్న వేపనూనే చాలు. కానీ కుండీ మీద చీమలు తిరుగుతున్నంత కాలం ఏది కొట్టినా వృథాయే.

పిండినల్లి మొక్క రసం పీల్చి, తనకు ఎక్కువైన చక్కెరను జిగురుగా వదిలేస్తుంది. ఆకుల మీద మెరిసే జిడ్డు అదే, తర్వాత దాని మీద పట్టే నల్లటి మసికీ అదే ఆధారం. చీమలకు ఆ జిగురు తిండి. అందుకే నల్లిని తినడానికొచ్చే అక్షింతల పురుగుల్ని, నల్లి ఒంట్లో గుడ్లు పెట్టే బుల్లి కందిరీగల్ని చీమలు దగ్గరికి రానివ్వవు. పిల్లనల్లుల్ని నోట కరుచుకుని కొత్త కొమ్మలకు చేరవేస్తాయి కూడా. కాబట్టి మందు కలిపే ముందు పొద్దున్నే కుండీ దగ్గర కాసేపు కూర్చుని చీమల బారు ఎటు నుంచి ఎక్కుతోందో చూడండి. చాలాసార్లు పిట్టగోడకు ఆనిన ఒకే ఒక్క కొమ్మ వాటికి వంతెన అవుతుంది.

గోడకు, పక్క మొక్కకు, బట్టల దండేనికి తగిలే రెమ్మలన్నీ కత్తిరించి, కుండీని గోడకు జానెడు దూరం జరపండి. వెడల్పాటి పళ్ళెంలో రెండు ఇటుక ముక్కలు పెట్టి, వాటి మీద కుండీ ఉంచి, పళ్ళెంలో నీళ్ళు పోయండి. నాలుగు చుక్కల సబ్బునీళ్ళు కూడా వేయాలి, లేకపోతే చిన్న చీమలు నీటి మీద తేలుతూ దాటేస్తాయి. ఇటుకలు లేకుండా కుండీని నేరుగా నీళ్ళలో పెడితే వేళ్ళు కుళ్ళుతాయి. వారానికోసారి ఆ నీళ్ళు పారబోసి పళ్ళెం అంచులు పీచుతో రుద్ది కడగండి. డెంగీ దోమ గుడ్లు అంచులకే అతుక్కుని ఉంటాయి, నీళ్ళు మార్చినంత మాత్రాన పోవు. నేలలో ఉన్న మొక్కయితే కాండానికి వెడల్పాటి టేపు బిగించి చుట్టి, దాని మీద గ్రీజు రాయండి. బెరడుకు నేరుగా రాస్తే మాను దెబ్బతింటుంది.

పుట్టలోని చీమల్ని తగ్గించాలంటే తీపి ఎర పెట్టండి. 100 మి.లీ. గోరువెచ్చటి నీళ్ళలో 10 గ్రాముల పంచదార, 1 గ్రాము బోరిక్ యాసిడ్ కరిగించి, దూది తడిపి సీసా మూతలో ఉంచి, చీమల బారు పక్కన పెట్టాలి. బోరిక్ ఎక్కువ వేస్తే త్వరగా పని అవుతుందనుకుంటారు. అలా చేస్తే ఎర తిన్న చీమ పుట్టకు చేరకముందే చస్తుంది, లోపలి రాణికి ఏమీ అందదు. మొదటి రోజు చీమలు ఇంకా ఎక్కువ పోగవుతాయి, కంగారుపడి వాటిని చంపకండి. బోరిక్ పౌడరు మందుల షాపులో అడగండి, క్యారమ్ బోర్డు పౌడర్లన్నీ అది కావు. చంటిపిల్లలు, కుక్కలు, పిల్లులు తిరిగే ఇంట్లో ఆ మూతను చిల్లులు పెట్టిన డబ్బాలో పెట్టి మూసేయండి.

ఇక నల్లి సంగతి. ఒకదాన్ని గోటితో నలిపి చూడండి. గులాబీ లేదా ఎర్రటి రసం వస్తే అది మందార చివుళ్ళను ముడుచుకుపోయేలా చేసే గులాబీ పిండినల్లి. పసుపు వస్తే బొప్పాయి పిండినల్లి అయ్యుండవచ్చు. మందు రెండింటికీ ఒకటే, పనిలోనే తేడా. గులాబీ నల్లి పట్టిన చివురు గుత్తులా ముద్దకట్టుకుపోతుంది, లోపలికి ఏ స్ప్రే వెళ్ళదు. అలాంటి చివుళ్ళను ముడత కింద రెండు కణుపుల వరకు కత్తిరించేయాలి. మందార ఎంత కోసినా తట్టుకుని మళ్ళీ చిగురిస్తుంది, జాలిపడొద్దు. కోసినవి కంపోస్టులో వేయకుండా, చెత్తబుట్ట పక్కన వదిలేయకుండా, ప్లాస్టిక్ కవర్లో వేసి మూతి కట్టి రెండు రోజులు ఎండలో పెట్టాకే పారేయండి.

మిగిలిన కొమ్మలకు మందు కంటే ముందు నీళ్ళు కొట్టండి. పైపు మూతిని బొటనవేలితో నొక్కి, ఆకుల అడుగున, కణుపుల సందుల్లో, మొగ్గ తొడిమ చుట్టూ గట్టిగా కొడితే సగానికి పైగా రాలిపోతాయి. పెద్ద నల్లి ఒంటి మీదున్న మైనపు పొడి నీటి మందును లోపలికి దిగనివ్వదు. ఆ పొడి కొంత పోతేనే నూనె అంటుకుంటుంది. కణుపుల్లో అతుక్కున్న దూది ముద్దల్ని పాత టూత్‌బ్రష్‌తో గీకేయండి, అవి గుడ్ల సంచులు. ఒక్కో సంచిలో గుడ్లు వందల్లో ఉంటాయి, వాటిని ఏ స్ప్రే కూడా నమ్మకంగా చంపదు. ఒకటి రెండు చోట్లే ఉంటే దూదిపుల్లను 70 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచి ఒక్కోదాని మీద అద్దితే చాలు, నూనె కూడా అక్కర్లేదు.

వేపనూనె కలపడంలోనే ఎక్కువమంది దగ్గర తేడా వస్తుంది. లీటరు నీళ్ళున్న సీసాలో నూనె పోసి ఊపితే అది పైకి తేలుతుంది. గొట్టం అడుగు నుంచి పీలుస్తుంది కాబట్టి మొదట వచ్చేవి ఉత్త నీళ్ళు, చివర్లో వచ్చేది ఉత్త నూనె. మొదటి మొక్కకు ఏమీ తగలదు, చివరి మొక్క ఆకులు మాడిపోతాయి. సరైన పద్ధతి ఇది: చిన్న గిన్నెలో 5 మి.లీ. వేపనూనె, 2 మి.లీ. గిన్నెలు తోమే లిక్విడ్ వేసి చెంచాతో బాగా గిలకొట్టాలి. కొద్దికొద్దిగా గోరువెచ్చటి నీళ్ళు పోస్తూ పాలలా తెల్లబడేదాకా కలిపి, అప్పుడు లీటరు చేయాలి. పైన నూనె బొట్లు తేలుతుంటే ఇంకా కలవనట్టే. కలిపింది ఆరోజే వాడేయాలి. షాపులో దొరికే వేపమందు సీసాల మీద పీపీఎం అని ఒక అంకె ఉంటుంది, అది అందులో పురుగును చంపే అజాడిరక్టిన్ ఎంతుందో చెబుతుంది. 1500 పీపీఎం మందుకు కూడా లీటరుకు 5 మి.లీ. సరిపోతుంది. 10,000 పీపీఎం అయితే అంత పోయొద్దు, సీసా మీద రాసిన మోతాదే వాడండి.

బోరు నీళ్ళతో ఒక చిక్కుంది. నీళ్ళలో సున్నం ఎక్కువుంటే మామూలు సబ్బు విరిగి తెట్టు కడుతుంది, నూనెను కలపలేదు. మీ నీళ్ళతో స్నానపు సబ్బు సరిగ్గా నురగ రాకపోతే మందుకు ఆ నీళ్ళు వద్దు, వాననీళ్ళో ఫిల్టరు నీళ్ళో వాడండి. లేదంటే కుంకుడు రసం మేలు, ఉప్పునీటిలోనూ అది నురగ వస్తుంది. పది కుంకుళ్ళు గింజలు తీసి అరలీటరు నీళ్ళలో రాత్రంతా నానబెట్టి, పిసికి, పల్చటి బట్టలో వడగట్టండి. లిక్విడ్ బదులు ఆ రసాన్ని లీటరుకు ఒక చిన్న టీ గ్లాసుడు పోయొచ్చు. సరిగ్గా వడగట్టకపోతే స్ప్రేయర్ ముక్కు మూసుకుపోతుంది.

సాయంత్రం ఎండ దిగాక, ఆకుల అడుగు నుంచి పైకి, మందు కారేలా కొట్టండి. ఎండలో కొడితే ఆకులు కాలతాయి. మొక్క దాహంతో వాడి ఉన్నప్పుడు అసలు కొట్టొద్దు, ముందు రోజు నీళ్ళు పోసి ఉంచండి. మొదటిసారి ఒక్క కొమ్మకే కొట్టి మర్నాటి సాయంత్రం వరకు ఆగి చూడండి. తర్వాత వారానికోసారి వరసగా మూడుసార్లు కొట్టాలి. ఇదే చాలామంది వదిలేసేది. మొదటి స్ప్రేకి పాకే పిల్లలు, మెత్తటి నల్లులు పోతాయి, మొక్క శుభ్రంగా కనిపిస్తుంది. సంచుల్లో మిగిలిన గుడ్లు పగిలి కొత్త పిల్లలు బయటికొచ్చేసరికి ఒంటి మీద మైనం ఇంకా పట్టి ఉండదు, వాటిని చంపడానికి అదే అదను.

రెండో స్ప్రేకి ముందు ఒకసారి దగ్గరగా చూడండి. నల్లుల మధ్యలో వాటికంటే మూడు నాలుగింతలు పెద్దగా, ఒళ్ళంతా తెల్లటి మైనపు పోగులతో, చురుగ్గా నడిచేది కనిపిస్తే చంపొద్దు. అది క్రిప్టోలీమస్ అనే అక్షింతల పురుగు పిల్ల. 1898లో ఆస్ట్రేలియా నుంచి మన దేశానికి తెచ్చారు. దాని తిండే పిండినల్లి. పెద్దయ్యాక నల్లటి రెక్కలు, నారింజ రంగు తలతో ఉంటుంది. పెద్ద పిండినల్లి పాకితే కాస్త పాకుతుంది, లేకపోతే కదలదు, కాబట్టి నడక చూసే పోల్చుకోవచ్చు. ఇవి కనిపించిన కొమ్మకు స్ప్రే ఆపి చీమల్ని మాత్రం కట్టడి చేయండి.

షాపువాళ్ళు మోనోక్రోటోఫాస్ అనే ఘాటు పురుగుమందు చేతిలో పెడతారు. తినే జామ పక్కన అది కొట్టకండి, కూరగాయల మీద దాని వాడకాన్ని 2005లోనే నిషేధించారు. చీమలకు గమేక్సిన్ చల్లమనే సలహా కూడా వినొద్దు. పైగా ఘాటు మందు నల్లి కంటే ముందు దాని శత్రువుల్ని చంపుతుంది. 2008లో కోయంబత్తూరులో బయటపడిన బొప్పాయి పిండినల్లి తోటలకు తోటల్నే పాడుచేసింది. దాన్ని అదుపు చేసింది మందులు కాదు, 2010లో ప్యూర్టోరికో నుంచి తెప్పించి వదిలిన కంటికి ఆననంత చిన్న కందిరీగలు.

ఈ మూడు వారాలూ ఆవపిండి నీళ్ళు, యూరియా ఆపేయండి. నత్రజని ఎక్కువైతే వచ్చే లేత చివుళ్ళు నల్లికి విందు భోజనం. పుల్ల మజ్జిగ, ఇంగువ నీళ్ళ మీద నాకు పెద్ద నమ్మకం లేదు. బూడిద పేనుబంకకు కాస్త పనిచేస్తుంది గానీ దీనికి కాదు.

ఇంత చేసినా మొక్క వాడిపోతూనే ఉంటే కుండీని పక్కకు వంచి అడుగు కన్నంలోంచి చూడండి. వేళ్ళకు తెల్లటి పొడి అంటుకుని ఉంటే నల్లి వేరుకు పట్టినట్టు. అప్పుడు మట్టంతా దులిపి, వేళ్ళు నీళ్ళలో కడిగి, కొత్త మట్టిలో నాటాలి. ఆ పాత మట్టిని వేరే కుండీలో వేయకండి. నర్సరీ నుంచి తెచ్చే కొత్త మందారను కూడా మూడు వారాలు మిగతావాటికి దూరంగా ఉంచి, కణుపులు, ఆకుల అడుగు చూసుకున్నాకే పక్కన చేర్చండి.