టెక్ సందేహాలు: ఎవరు తప్పుతారో ఎక్సెల్ చెబుతుందా?

ప్రశ్న: ప్రభుత్వ జూనియర్ కాలేజీలో మ్యాథ్స్ లెక్చరర్‌ని. గత మూడేళ్ల క్వార్టర్లీ, హాఫ్ ఇయర్లీ మార్కులు, అటెండెన్స్, పబ్లిక్ పరీక్షల ఫలితాలు ఎక్సెల్‌లో ఉన్నాయి. ఈ ఏడాది ఎవరు తప్పే ప్రమాదం ఉందో వీటితో ముందే తెలుస్తుందా? నాకు కోడింగ్ రాదు. లిస్టు వస్తే దాన్నిబట్టి సెక్షన్లు విడగొడదామని ప్రిన్సిపల్ గారు అంటున్నారు.

జవాబు: తెలుస్తుంది మాస్టారూ. కోడింగ్ అక్కర్లేదు, ఆ ఎక్సెల్ చాలు.

ముందుగా హాఫ్ ఇయర్లీ మార్కులు పక్కన పెట్టండి. అవి కలిపితే అంచనా ఇంకా బాగా కుదురుతుంది, నిజమే. కానీ అవి చేతికొచ్చేసరికి పబ్లిక్ పరీక్షలు దగ్గర పడిపోతాయి. క్వార్టర్లీ అవగానే వచ్చే కాస్త ముతక అంచనాతోనే మీరు చేయగలిగేది ఎక్కువ.

ఒక్కో విద్యార్థికి ఒక్కో వరుస ఉండాలి. అందులో క్వార్టర్లీ మార్కులు, అప్పటిదాకా ఉన్న అటెండెన్స్ శాతం, చివర్లో పాసైతే 1, తప్పితే 0. మొదటి రెండేళ్ల డేటాతో మాత్రమే పివట్ టేబుల్ (పెద్ద డేటాను గుంపులుగా కుదించి చూపే ఎక్సెల్ పట్టిక) చేయండి. నిలువునా మార్కులు, అడ్డంగా అటెండెన్స్ పెట్టి, ఆ అంకెల మీద రైట్ క్లిక్ చేసి గ్రూప్ ఎంచుకుంటే పదేసి చొప్పున విడిపోతాయి. వాల్యూస్‌లో ఆ 1, 0 కాలమ్ వేసి, సమ్‌కు బదులు యావరేజ్ పెట్టండి. ఒక గడిలో 0.4 కనిపిస్తే, అలాంటి మార్కులు, అలాంటి అటెండెన్స్ ఉన్నవాళ్లలో నూటికి 40 మందే పాసయ్యారని అర్థం. అదే కాలమ్‌ను కౌంట్‌గా ఇంకోసారి వేసుకోండి. ముగ్గురో నలుగురో ఉన్న గడిని నమ్మొద్దు.

ఇప్పుడు మూడో ఏడాది పిల్లలను ఈ పట్టికతో పోల్చి, యావరేజ్ తక్కువున్న గడుల్లో పడినవాళ్లను లిస్టు రాయండి. వాళ్ల ఫలితాలు మీకు తెలుసు, పట్టికకు తెలియదు. అసలు పరీక్ష అదే. ఇక్కడ 'ఎంత శాతం కరెక్ట్' అన్న ఒక్క లెక్కతో తృప్తి పడకండి. 300 మందిలో 45 మంది తప్పారనుకుందాం. అందరూ పాసవుతారని కళ్లు మూసుకుని చెప్పినా 85 శాతం కరెక్టే! ఆ 45 మందిలో మాత్రం ఒక్కరూ దొరకరు. అందుకే తప్పినవాళ్లలో ఎంతమంది మీ లిస్టులో ఉన్నారు, లిస్టులో ఉన్నవాళ్లలో నిజంగా తప్పింది ఎంతమంది అని విడివిడిగా లెక్కేయండి. పాసయ్యే పిల్లాడిని పొరపాటున స్పెషల్ క్లాసుకు పిలిస్తే పోయేది కొన్ని సాయంత్రాలు. తప్పే పిల్లాడిని వదిలేస్తే ఒక ఏడాదే పోవచ్చు, కొందరికి చదువే. కాబట్టి లిస్టు కాస్త పెద్దదైనా ఫర్వాలేదు.

ఇంకా లోతుకు వెళ్లాలనిపిస్తే ఆరెంజ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. స్లోవేనియాలోని లుబ్లియానా యూనివర్సిటీ వాళ్లు తయారుచేశారు. బొమ్మలను గీతలతో కలుపుతూ పోతే డెసిషన్ ట్రీ (ప్రశ్న తర్వాత ప్రశ్న వేస్తూ అంచనాకు చేర్చే చెట్టులాంటి పటం) వచ్చేస్తుంది. మీకున్న నాలుగు కాలమ్స్‌కు మాత్రం పివట్ టేబులే సరిపోతుంది.

సెక్షన్ల మాట దగ్గర మాత్రం ప్రిన్సిపల్ గారిని దయచేసి ఆపండి. 2020లో కోవిడ్ వల్ల ఇంగ్లండ్‌లో ఏ లెవెల్ (మన ఇంటర్ లాంటివి) పరీక్షలు రద్దయ్యాయి. అక్కడి నియంత్రణ సంస్థ ఆఫ్‌క్వాల్ ఒక అల్గారిథమ్‌తో గ్రేడ్లు ఇచ్చింది. విద్యార్థి చదివే స్కూల్లో గత ఏళ్ల ఫలితాలు ఎలా ఉన్నాయన్నది అందులో పెద్ద పాత్ర పోషించింది. టీచర్లు వేసిన గ్రేడ్లలో దాదాపు 40 శాతం కిందికి దిగిపోయాయి. అంతకుముందు ఫలితాలు అంతంతమాత్రంగా ఉన్న స్కూల్లో ఎంత బాగా చదివే పిల్లకైనా పై గ్రేడు దొరకడం కష్టమైంది. పిల్లలు రోడ్డెక్కారు, ఆగస్టు 17న ప్రభుత్వం వెనక్కి తగ్గి టీచర్ల గ్రేడ్లనే ఒప్పుకుంది. గుంపు గురించి నిజమైన లెక్కను ఒక్కరి తలరాతగా మార్చడమే అక్కడ జరిగిన అన్యాయం. 'వీక్ సెక్షన్' అని పేరు పడితే మన దగ్గరా అదే జరుగుతుంది.

లిస్టు మీ దగ్గర, క్లాస్ ఇన్‌చార్జి దగ్గర ఉంటే చాలు, వాట్సాప్ గ్రూపులో పెట్టకండి. అందులో ఉన్న ప్రతి పిల్లతో, పిల్లాడితో విడిగా మాట్లాడండి. అటెండెన్స్ 60 శాతం ఉందని ఎక్సెల్ చెబుతుంది. ఉదయం బస్సు లేకనో, పత్తి ఏరడానికి వెళ్లాల్సి వచ్చో రాలేదన్నది వాళ్లే చెప్పాలి. ఆంధ్రప్రదేశ్‌లో బడి మానేసే ప్రమాదమున్న పిల్లలను గుర్తించడానికి మైక్రోసాఫ్ట్ మెషీన్ లెర్నింగ్ (పాత డేటా నుంచి కంప్యూటరే నేర్చుకునే పద్ధతి) వాడినప్పుడు కూడా మార్కులతో ఆగలేదు. బడిలో వసతులు, టీచర్ల నైపుణ్యం కూడా లెక్కలోకి తీసుకున్నారు. కారణం ఒక్కోసారి పిల్లల దగ్గర ఉండదు కదా.

ఇంకొక్కటి. స్పెషల్ క్లాసుకు వచ్చారా లేదా అన్నది ఇప్పటినుంచే ఒక కాలమ్‌గా రాసుకోండి. మీరు ఆదుకున్నవాళ్లు పాసైతే, అది రాసుకోని పట్టిక వచ్చే ఏడాది అలాంటి పిల్లలకు ప్రమాదమే లేదని చెబుతుంది.

ప్రశ్న: బీటెక్ ఫైనల్ ఇయర్. పోర్చుగల్ విద్యార్థుల డేటాసెట్‌తో మార్కుల ప్రెడిక్షన్ ప్రాజెక్టు చేశాం. పాసా ఫెయిలా అన్నదానికి 93 శాతం యాక్యురసీ వచ్చింది. వైవాలో సరిపోతుందా?

జవాబు: పాలో కోర్టెజ్, ఆలిస్ సిల్వా 2008లో ప్రచురించిన డేటా కదా. అందులో జీ1, జీ2 అంటే మొదటి, రెండో పీరియడ్ గ్రేడ్లు, జీ3 చివరి గ్రేడు. జీ2 చేతిలో పెట్టుకుని జీ3 చెప్పడం పెద్ద కష్టం కాదు. జీ1, జీ2 కాలమ్స్ తీసేసి మళ్లీ రన్ చేయండి. స్కోరు పడిపోతుంది, కంగారు పడొద్దు. అవి లేకుండా చేసే అంచనా కష్టమైనా ఎక్కువ ఉపయోగపడుతుందని డేటాసెట్ వివరణలోనే రాసి ఉంది. రెండు ఫలితాలూ పక్కపక్కన చూపించండి, అందరూ పాస్ అని చెప్పే మోడల్ స్కోరు కూడా ఇవ్వండి. నేను ఎగ్జామినర్‌ని అయితే 93 కన్నా ఆ పట్టికకే ఎక్కువ మార్కులు వేస్తాను.

ప్రశ్న: కోచింగ్ యాప్ మా అమ్మాయికి ప్రతి మాక్ టెస్టు తర్వాత జేఈఈ మెయిన్ 'ప్రెడిక్టెడ్ ర్యాంక్' చూపిస్తోంది. వారం వారం వేలల్లో మారిపోతోంది. ఇంట్లో అందరికీ టెన్షన్. నమ్మాలా?

జవాబు: అసలు పరీక్షలో ర్యాంకుకు ఆధారం పర్సంటైల్. అంటే, ఆ షిఫ్టులో రాసినవాళ్లలో మీ అమ్మాయితో సమానంగా గానీ తక్కువగా గానీ స్కోరు చేసినవాళ్ల శాతమమ్మా. యాప్ పోల్చేది ఆ మాక్ రాసినవాళ్లతో. వాళ్లు వేరు, పేపర్ వేరు. పైగా మధ్య స్థాయిలో లక్షల మంది దగ్గరదగ్గర మార్కుల్లో ఉంటారు కాబట్టి రెండు ప్రశ్నలు అటూఇటూ అయినా ర్యాంకు వేలల్లో కదులుతుంది. ఒక్క అంకె కాకుండా 'ఇంతకూ ఇంతకూ మధ్య' అని చూపించే యాప్ కాస్త నయం. ర్యాంకు పేజీ దాటి చాప్టర్లవారీ రిపోర్టు తెరవండి. మూడు నాలుగు టెస్టుల్లో ఒకే చాప్టర్‌లో మార్కులు పోతుంటే ఈ వారం చదవాల్సింది అదే. ర్యాంకు నోటిఫికేషన్లు ఆపేసే వీలుంటే ఈ రోజే ఆపేయండి.