పార్ట్ 61లోనా, పార్ట్ 141లోనా?

ప్రశ్న: మేం అమెరికాలో స్థిరపడ్డాం. ఇక్కడే పుట్టిన మా అబ్బాయి ఈ ఏడాది హైస్కూల్ పూర్తి చేశాడు. ఎయిర్‌లైన్ పైలట్ అవుతానంటున్నాడు. పార్ట్ 141 స్కూల్లో 190 గంటలకే కమర్షియల్ సర్టిఫికెట్ (జీతానికి విమానం నడిపే అర్హత) వస్తుందట. ఇంటి దగ్గరున్న పార్ట్ 61 స్కూల్లో 250 కావాలట. ఎందులో చేర్పించమంటారు? – ఒక తల్లి

జవాబు: అమ్మా, పార్ట్ 61, పార్ట్ 141 అంటే అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్ఏఏ నిబంధనల్లో పైలట్ శిక్షణకున్న రెండు దారులు. 141 స్కూల్ ఎఫ్ఏఏ ఆమోదించిన పాఠ్యక్రమం ప్రకారమే నేర్పాలి, 61లో ఆ కట్టుబాటు లేదు. ఆ అంకెలు నిజమే, కాకపోతే అవి కనీస గంటలు. మొదటి మెట్టయిన ప్రైవేట్ పైలట్ సర్టిఫికెట్‌కి పార్ట్ 61లో 40, పార్ట్ 141లో 35 అని నిబంధనల్లో ఉన్నా, 60 దాటితే గానీ చెక్‌రైడ్‌కి (సర్టిఫికెట్ కోసం విమానంలో పెట్టే పరీక్షకి) సిద్ధం కాని పిల్లలే ఎక్కువ. వారానికి మూడు నాలుగుసార్లు ఎగిరే కుర్రాడు త్వరగా ముగిస్తాడు. రెండు వారాలకోసారి వెళ్లేవాడు మర్చిపోయిన పాఠానికే మళ్లీ డబ్బు కడతాడు. చెక్‌రైడ్ ప్రమాణాలు రెండు చోట్లా ఒకటే. సర్టిఫికెట్ మీద ఏ దారిలో నేర్చుకున్నాడో రాయరు కూడా.

పైగా ఎయిర్‌లైన్‌లో చేరడానికి మామూలుగా 1500 గంటలు ఉండాలి. 190 దగ్గర కమర్షియల్ వచ్చినా, 250 దగ్గర వచ్చినా, మిగతావి చాలామంది ఇన్‌స్ట్రక్టర్‌గా పనిచేస్తూనే నింపుకుంటారు. అందుకే ఆ 60 గంటల తేడా చూసి నిర్ణయించకండి.

అసలు తేడా డిగ్రీ దగ్గర వస్తుంది. ఎఫ్ఏఏ ఆమోదం ఉన్న కాలేజీలో ఏవియేషన్ బ్యాచిలర్ డిగ్రీ చేసి, ఇన్‌స్ట్రుమెంట్ (బయట కనిపించకపోయినా పరికరాలు చూసి నడపడం), కమర్షియల్ శిక్షణ ఆ కాలేజీకి అనుబంధమైన పార్ట్ 141 స్కూల్లో తీసుకుంటే, 21 ఏళ్లు నిండాక 1000 గంటలకే రెస్ట్రిక్టెడ్ ఏటీపీకి (తక్కువ గంటలతోనే ఎయిర్‌లైన్‌లో చేరనిచ్చే సర్టిఫికెట్‌కి) అర్హత వస్తుంది. 500 గంటలు తగ్గడమంటే చిన్న విషయం కాదు. బాబుకి డిగ్రీ ఆలోచన ఉంటే నా ఓటు దానికే. ప్రైవేట్ మాత్రం ఈ సెలవుల్లో ఇంటి దగ్గరి పార్ట్ 61లో చేయొచ్చు, నిబంధన అడ్డురాదు. కాలేజీ ఒప్పుకుంటుందో లేదో ముందే అడగండి.

డిగ్రీ వద్దు, ఉద్యోగం చేసుకుంటూ నేర్చుకుంటానంటే పార్ట్ 61 హాయి. వేళలూ, పాఠాల వరసా తన వీలును బట్టి మార్చుకోవచ్చు.

ఎక్కడా రూపాయి, డాలర్ కట్టకముందే ఫస్ట్ క్లాస్ మెడికల్ (ఎయిర్‌లైన్ పైలట్ స్థాయి ఆరోగ్య పరీక్ష) చేయించండి. మొత్తం ఫీజు ఒకేసారి ఇవ్వకండి, మధ్యలో మూతపడే స్కూళ్లున్నాయి. ఇన్‌స్ట్రక్టర్లు ఎన్నాళ్లు ఉంటున్నారో, విమానం ఎన్ని రోజులు రిపేర్లో ఉంటోందో అక్కడి విద్యార్థుల్నే అడగమనండి.