రీడ్ నంబరు అడిగిన కుర్రాడు

అమ్మాయీ,

జాజ్ వాద్యగాళ్లను తలుచుకుంటూ నువ్వు రాసిన వ్యాసం ఆదివారం చేరింది. అదే రాత్రి ఒకసారి, సోమవారం ఇంకోసారి చదివాను. నిన్న ఈ ఉత్తరం మొదలుపెట్టాను కానీ మరీ కోపంగా ఉందనిపించి చించేశాను. ఇవాళ కాస్త నెమ్మదించి రాస్తున్నాను.

కోపం ఎందుకంటే, రెండో పేజీలో నువ్వు రాసిన వాక్యం. "క్లిఫర్డ్ బ్రౌన్ అనే ధ్రువతార పాతికేళ్లకే రాలిపోయి జాజ్ ప్రపంచాన్ని శోకసంద్రంలో ముంచేసింది." ఆ ట్రంపెట్ వాద్యగాడు పాతికేళ్లకే పోయాడన్న మాట నిజం. ఆ ఒక్క ముక్క తప్ప ఇందులో అతను లేడు. ఆ పేరు తీసేసి ఒక సినిమా హీరో పేరు పెట్టు, ఒక కవి పేరు పెట్టు, మీ ఊరి మాజీ ఎమ్మెల్యే పేరు పెట్టు, వాక్యం కదలదు మెదలదు. ఇరవై రెండేళ్ల మనిషివి, ఈ అరువు మాటలు నీకెందుకు?

ఆ కబురు ఎలా అందిందో అతని స్నేహితుడు బెన్నీ గోల్సన్ బతికి ఉండగా ఎన్నోసార్లు చెప్పాడు. 1956 జూన్ చివర్లో, ఒక రాత్రి, అమెరికాలో పెన్సిల్వేనియా టర్న్‌పైక్ అనే హైవే మీద కారు ప్రమాదం. బ్రౌన్‌తో పాటు పియానో వాయించే రిచీ పవెల్, అతని భార్య నాన్సీ కూడా పోయారు. గోల్సన్ అప్పుడు డిజీ గిలెస్పీ బ్యాండులో టెనార్ శాక్సఫోన్ వాయిస్తున్నాడు. న్యూయార్క్‌లో, హార్లెంలోని అపోలో థియేటర్లో షోలు నడుస్తున్నాయి. ఒక షోకీ ఇంకో షోకీ మధ్య విరామంలో, పియానిస్టు వాల్టర్ డేవిస్ జూనియర్ ఏడుస్తూ పరిగెత్తుకొచ్చి, బ్రౌనీ చనిపోయాడట అన్నాడు. అందరూ ఎక్కడివాళ్లక్కడ నిలబడిపోయారు. ఈలోగా షో టైమ్ అయింది. వెళ్లి కూర్చుని వాయించారు, కళ్లు తుడుచుకుంటూనే. ట్రంపెట్ ఊదేవాడికి ఏడుపొస్తే పెదవి వణుకుతుంది, ఊపిరి తెగుతుంది. ఆ సాయంత్రం అలా కూర్చుని ఊదిన వాళ్లను తలుచుకో. "శోకసంద్రం" అన్న మాటలో ఆ వణికే పెదవి ఎక్కడైనా కనిపిస్తోందా?

నాలుగో పేజీ అడుగున, ట్రంపెట్ వాయించిన లీ మోర్గాన్ రికార్డు గురించి ఒక వాక్యం రాశావు. "లీ మోర్గాన్ ఊపిరి తీసుకోవడం వినిపించిన చోట నేనూ ఊపిరి బిగపట్టాను." బాగుంది. ఈ ఉత్తరం రాయడానికి అసలు కారణం అదే. ఆ వాక్యం రాసిన చెయ్యే ధ్రువతార వాక్యం కూడా రాసిందంటే ఊరుకోలేకపోయాను.

నాకు ఒక నమ్మకం ఉంది. నలభై ఏళ్లుగా ఎవరడిగినా, అడక్కపోయినా చెబుతూనే ఉన్నాను. ఒక వాద్యగాడు తన ముందువాణ్ని గుర్తు చేసుకునేటప్పుడు గొప్పవాడు, మహానుభావుడు అని ఆగిపోడు. ఏం పట్టుకున్నాడు, ఎలా నిలబడ్డాడు, ఏ వేలు ఎక్కడ పెట్టాడు, అది చెబుతాడు. మనం రాసేవాళ్లం కూడా అక్కడి నుంచే మొదలుపెట్టాలి.

1945 జూన్. ఫిలడెల్ఫియాలో డిజీ గిలెస్పీ, చార్లీ పార్కర్ కచేరీ. హాల్లో ఇద్దరు కుర్రాళ్లు కూర్చున్నారు. ఒకడికి పదహారేళ్లు, బెన్నీ గోల్సన్. ఇంకొకడికి పద్దెనిమిది, జాన్ కోల్ట్రేన్. కచేరీ అయ్యాక పార్కర్ వీధిలో నడిచి వెళుతుంటే ఇద్దరూ చెరో పక్కనా నడిచారు. కోల్ట్రేన్ అడిగి మరీ పార్కర్ శాక్సఫోన్ పెట్టె తను మోశాడు. గోల్సన్ రెండో పక్క నుంచి ప్రశ్నల మీద ప్రశ్నలు. మీ శాక్సఫోన్ ఏ కంపెనీది, మౌత్‌పీస్ ఏది, రీడ్ నంబరు ఎంత? పార్కర్ అన్నిటికీ జవాబు చెప్పాడు. తర్వాత అతను వాయించాల్సిన క్లబ్బులోకి వీళ్లని రానివ్వరు, వయసు చాలదు. బయట వీధిలో నిలబడి విన్నారు. ఆ రాత్రి గురించి గోల్సన్ ఎనభై ఏళ్లు దాటాక చెప్పినా ఆ పెట్టె, ఆ ప్రశ్నలు వదల్లేదు. కోల్ట్రేన్ 1960లో డౌన్‌బీట్ పత్రికకు చెబుతూ, బర్డ్‌ని (పార్కర్‌ని అలా పిలిచేవారు) మొదటిసారి విన్నప్పుడు రెండు కళ్ల మధ్య ఎవరో కొట్టినట్టయింది అన్నాడు. కొట్టిన చోటు కూడా చెప్పాడు, చూశావా?

రీడ్ నంబరు ఏమంత పెద్ద విషయం అంటావేమో. రీడ్ అంటే రెల్లు నుంచి కోసిన పల్చని చీలిక. మౌత్‌పీస్‌కి, అంటే నోట్లో పెట్టుకుని ఊదే కొసకి, బిగిస్తారు. శాక్సఫోన్‌కైనా క్లారినెట్‌కైనా శబ్దం పుట్టేది దాని వణుకు నుంచే. నంబరు పెరిగేకొద్దీ అది బిరుసుగా ఉంటుంది, ఊపిరి ఎక్కువ కావాలి. రెండో నంబరు రీడ్ మీద వాయించే మనిషీ నాలుగో నంబరు మీద వాయించే మనిషీ ఒకటి కాదు. ఆ పదహారేళ్ల కుర్రాడు నంబరు అడిగాడంటే, ఆ ఊపిరి ఎంతదో తన ఛాతీతో కొలుచుకుందామని అడిగినట్టు.

ఇది నాకు పుస్తకాలు చెప్పలేదు. తెనాలిలో మా వీధి చివర పెళ్లిళ్ల బ్యాండులో క్లారినెట్ వాయించే ఒకాయన ఉండేవాడు. సాయంత్రం అరుగు మీద కూర్చుని రీడ్‌ని నాలుక మీద తడుపుకుని, వెలుతురుకి ఎత్తి చూసి, పాత బ్లేడుతో ఒక్కటంటే ఒక్క గీత గీకేవాడు. మళ్లీ నోట్లో పెట్టుకుని చూసేవాడు. మళ్లీ ఒక గీత. నేను స్కూలు నుంచి వచ్చి బ్యాగు భుజానే ఉంచుకుని చూస్తూ నిలబడేదాన్ని. ఎందుకలా అంటే, "మా గురువు చెప్పాడమ్మా, రెండు గీతలు ఒకేసారి గీస్తే వెనక్కి రాదని" అనేవాడు. తన గురువు గురించి ఆయన నోట నేను విన్నది అదొక్కటే. నాకు ఆ గురువు పేరు కూడా తెలీదు. కానీ ఆ మనిషిని ఇప్పటికీ చూడగలను.

ఆయన పోయినప్పుడు నేను రాసిన వ్యాసాన్ని ఒక వారపత్రిక వేసింది. నా మొదటి అచ్చు అది. బ్లేడు, రీడ్, గీత అన్నీ ఎగిరిపోయాయి. పాఠకులకు ఈ వివరాలన్నీ ఎందుకు, బోరు కొడతాయి అన్నాడు సంపాదకుడు. వాటి స్థానంలో "కళామతల్లి ముద్దుబిడ్డ" వచ్చి కూర్చుంది. ఆ పత్రిక పట్టుకుని ఆయన కొడుకు మా ఇంటికి వచ్చాడు. గుమ్మంలోనే నిలబడి, "ఇందులో మా నాన్న ఎక్కడున్నాడక్కా?" అన్నాడు. నేనేం చెప్పను? మంచినీళ్లు ఇచ్చాను, తాగి వెళ్లిపోయాడు. ఆ సంపాదకుణ్ని నేను ఇవాళ్టికీ క్షమించలేదు. ఇప్పటి వాళ్లయినా మారారా? మనిషి పోయిన గంటలో నివాళి కావాలంటారు. లెజెండ్ అన్న మాట హెడ్డింగులో ఉండాలంటారు. "స్ఫూర్తిదాయకంగా" ఉండాలంటారు. నీకూ ఎవరో అలా చెప్పే ఉంటారు, లేకపోతే నీ వ్యాసం మొదటి పేరాలోనే మూడు "స్ఫూర్తి"లు వచ్చేవి కావు.

నీ మూడో పేజీలో ఇంకో మాట ఉంది. "కింగ్ ఆలివర్ కడు దారిద్ర్యంలో కన్నుమూశాడు." ఒక్క వాక్యంతో దాటేశావు. అమ్మాయీ, ఆ వాక్యం వెనక ఏముందో ఆయన శిష్యుడు లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ చెప్పాడు కదా, నువ్వు చదవలేదా?

లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్‌కి ఆలివర్ అంటే పాపా జో. న్యూ ఆర్లీన్స్‌లో పిల్లాడిగా ఉన్నప్పుడు ఆలివర్ తన పాత కార్నెట్ ఒకటి ఇచ్చాడు. కార్నెట్ అంటే ట్రంపెట్ లాంటి చిన్న వాద్యం. 1922లో షికాగోకి పిలిపించి తన బ్యాండులో రెండో కార్నెట్‌గా పెట్టుకున్నాడు. ఆర్మ్‌స్ట్రాంగ్ ప్రపంచానికి తెలిసింది ఆ తర్వాతే. పదిహేనేళ్లు గడిచాయి. ఆలివర్ పళ్లు, చిగుళ్లు పాడైపోయాయి. కార్నెట్ ఊదేవాడికి పళ్లు పోతే జీవనం పోయినట్టే. 1937లో ఆర్మ్‌స్ట్రాంగ్ బ్యాండుతో జార్జియాలోని సవానా వెళితే, అక్కడ ఆలివర్ కూరగాయలు అమ్ముకుంటూ కనిపించాడు. ఆర్మ్‌స్ట్రాంగ్ తన జేబులో ఉన్న డబ్బంతా తీసి ఇచ్చాడు. బ్యాండులో ఒకప్పుడు ఆలివర్ దగ్గర పనిచేసిన వాళ్లు చాలామంది ఉన్నారు, వాళ్లూ ఉన్నది ఇచ్చారు. ఆ రాత్రి డ్యాన్సుకి వాయిస్తూ పక్కకి చూస్తే, స్టేజీ వారగా ఆలివర్ నిలబడి ఉన్నాడు. తాకట్టు కొట్టుకి వెళ్లి తన బట్టలు విడిపించుకుని వచ్చాడు. కిందికి వంచిన స్టెట్సన్ టోపీ, గుండీల బూట్లు, పాతకాలం కోటు. ఎంత అందంగా ఉన్నాడో అన్నాడు ఆర్మ్‌స్ట్రాంగ్. మరుసటి ఏడాది ఏప్రిల్‌లో ఆలివర్ పోయాడు.

చేతికి డబ్బు రాగానే తిండికో అద్దెకో కాకుండా కోటు విడిపించుకున్న మనిషి. శిష్యుల ముందుకి కూరగాయల వాడిగా రాలేక, కింగ్ ఆలివర్‌గా వచ్చిన మనిషి. ఆ బూట్ల గుండీలు ఆర్మ్‌స్ట్రాంగ్ మర్చిపోలేదు, నువ్వేమో "కడు దారిద్ర్యం" అని రాసి తర్వాతి పేరుకి వెళ్లిపోయావు. నీకు తొందర. నాలుగు పేజీల్లో పన్నెండు మంది. పన్నెండు మందికి దండలు వేస్తూ పోతే ఒక్కరి మొహం కూడా చూడలేవు. పది మందిని తీసెయ్. మైల్స్‌ని తీసెయ్, ఎల్లింగ్టన్‌ని తీసెయ్, నీకు బాధగా ఉన్నా తీసెయ్.

థెలోనియస్ మంక్ గురించి కోల్ట్రేన్ చెప్పింది కూడా చదువు. 1957లో మైల్స్ డేవిస్ బ్యాండు నుంచి బయటికొచ్చాక మంక్‌తో కలిశాడు. పొద్దున్నే మంక్ ఇంటికి వెళ్లి లేపేవాడట. మంక్ లేచి పియానో దగ్గరికి వెళ్లి తన ట్యూనొకటి వాయించడం మొదలుపెట్టేవాడు. కోల్ట్రేన్ శాక్సఫోన్ తీసి అది పట్టుకోవడానికి ప్రయత్నించేవాడు. తట్టుకున్న చోట మంక్ ఆగి చూపించేవాడు, అయినా రాకపోతే కాగితాలు తీసేవాడు, కానీ వీలైనంతవరకు చెవితోనే పట్టాలని ఆయన పట్టు. నిద్రకళ్లతో పియానో ముందు కూర్చున్న మంక్. ఇంతకంటే ఏం కావాలి నీకు?

చెవితో పట్టడం అన్నాను కాబట్టి ఇంకొకటి చెప్పాలి. నేను జాజ్ విన్నది రాత్రిళ్లు, మా అన్నయ్య రేడియోలో, షార్ట్‌వేవ్ మీద. వాయిస్ ఆఫ్ అమెరికాలో విల్లిస్ కోనోవర్ అనే ఆయన మాట్లాడేవాడు. నెమ్మదిగా, తేలిక ఇంగ్లీషులో, ఎవరు ట్రంపెట్ ఎవరు డ్రమ్స్ అన్నీ చెప్పేవాడు. పేర్లు వినిపించినట్టు తెలుగులో రాసుకునేదాన్ని. కొన్ని పేర్ల స్పెల్లింగు కళ్లతో చూడటానికి ఏళ్లు పట్టింది. గరగర వచ్చిందంటే ఒక సోలో, అంటే ఒక్కరే ముందుకొచ్చి వాయించే భాగం, సగం పోయేది, మళ్లీ వినడానికి లేదు. అందుకని ఊపిరి కూడా బిగపట్టి వినేవాళ్లం. నీకు ఫోన్‌లో అన్నీ ఉన్నాయి, వెనక్కి జరిపి వెయ్యిసార్లు వినొచ్చు. విను మరి. పార్కర్ అదే చేశాడు. 1936లో కాన్సస్ సిటీలో ఒక జామ్ సెషన్లో, అంటే వాద్యగాళ్లు సరదాగా కలిసి వాయించే చోట, పదిహేనేళ్ల పిల్లాడిగా అతను తడబడితే డ్రమ్మర్ జో జోన్స్ డ్రమ్స్ మీది సింబల్ పళ్లెం తీసి అతని కాళ్ల దగ్గరికి విసిరాడు. మరుసటి వేసవి ఓజార్క్ కొండల్లో ఒక బ్యాండుతో పనికి పోతూ కౌంట్ బేసీ రికార్డులు వెంట తీసుకెళ్లాడు. అందులో శాక్సఫోన్ వాయించిన లెస్టర్ యంగ్ సోలోలు ఒక్కో స్వరం నేర్చుకున్నాడు. తిరిగొచ్చేసరికి మనిషి మారిపోయాడు.

నువ్వు ఆ రికార్డు ముందు కూర్చో. క్లిఫర్డ్ బ్రౌన్ కోసం గోల్సన్ కట్టిన "ఐ రిమెంబర్ క్లిఫర్డ్" అనే ఆ ట్యూను, 1957 మార్చిలో లీ మోర్గాన్ రికార్డు చేసింది. మోర్గాన్‌కి అప్పుడు పద్దెనిమిదేళ్లు. గోల్సన్ కూడా పక్కనే శాక్సఫోన్‌తో ఉన్నాడు. బ్రౌన్ ట్రంపెట్ మీద ఎలా వాయించేవాడో ఆ తీరు వినిపించేలా ట్యూను కట్టాలని ఒక్కో స్వరమూ వెతుక్కున్నాడు గోల్సన్. పోయిన మనిషి స్నేహితుడు రాశాడు, ఆ స్నేహితుడితో పాటు గిలెస్పీ బ్యాండులో ఉన్న కుర్రాడు ఊదాడు. నీ వ్యాసం మొత్తం ఇక్కడే ఉంది. ధ్రువతారలు అక్కర్లేదు.

ఇంగ్లీషు మాటలకి తెలుగు ఏం రాయాలని అడిగావు. రీడ్‌ని రీడ్ అనే రాయి. సోలోని సోలో అను. తెనాలి బ్యాండాయన కూడా రీడ్ అనే అనేవాడు. మిగతా ప్రశ్నల సంగతి ఇప్పుడొద్దు.

మళ్లీ రాసి పంపు, రెండు పేజీలు చాలు. ఆ ఊపిరి వినిపించే చోటు రికార్డులో ఎన్నో నిమిషంలో ఉందో తప్పకుండా రాయి. నేను ఆ రికార్డు ఎన్నేళ్లుగానో వింటున్నాను, ఆ చోటు నాకు ఎప్పుడూ వినపడలేదు.

ఆశీస్సులతో,
మీ అమ్మగారి స్నేహితురాలు